చెయ్యెత్తి నిలబడ్డ మా తమ్ముడు

పని చేసుకుంటున్న మనిషిని పనిలకెల్లి లేపుకపోయిండ్రు. పని నేర్పుతమని కూసోబెట్టిండ్రు. పని రానోన్ని చేసి ఇంటికి పంపిండ్రు. జరిగిన అన్యాయం ఇదే. ఇంతకంటె పెద్దగ చెప్పేటందుకు ఏం లేదు. కని ఇంత చిన్న ముచ్చట ఒక్క ఆఫీసుకు సమజ్ చేసేటందుకు నేను రాసిన దరఖాస్తులు, తిరిగిన బస్సులు తల్సుకుంటె ఇప్పటికి నా నెత్తి కాలుతది.

ఆ మనిషి మా తమ్ముడు. నాకంటె చాన చిన్నోడు, మా అవ్వకు ఆఖరి కాన్పు. పుట్టుకతోనే బుద్ధి మెల్లగ నడిచే మనిషి. మాట అందుకునేటందుకు యాళ్ల పడుతది, తిరిగి చెప్పేటందుకు ఇంకా యాళ్ల పడుతది. ఆఫీసోళ్లు దానికి మేధో వైకల్యం అని పేరు పెట్టిండ్రు. ఊర్లె పెట్టిన పేరు ఇంకోటున్నది, అది నా చేతితోని రాయను. మా అవ్వ మాత్రం "వాడు నిమ్మళంగ వస్తడు తియ్యి" అనేది, తొవ్వల ఎన్క వడ్డోని గురించి చెప్పినట్టు. అవ్వ పోయినంక వాడు నాతోనే ఉన్నడు.

నేను సాంచాలు నడిపినోన్ని. సాంచ అంటె కరెంటు మగ్గం. బడికి పోయింది తక్కువ, బట్ట నేసింది ఎక్కువ. చదువు కిరాణం పొట్లాల కాయితాల మీద, పేపర్ల మీద నేర్సుకున్న. షెడ్డు ఎట్లుంటదో తెల్వనోళ్లకు ఒక్కటి చెప్పాలె. సాంచాలు నడుస్తుంటె లోపట మాట ఇనరాదు. చెవుల నోరు పెట్టి మొత్తుకున్న సగమే తెలుస్తది. అందుకే మా పని అంత కండ్లతోని, చేతులతోని నడుస్తది. పక్కోని మొకం చూసి దారం తెగిందా, కండె అయిపోయిందా పసిగడుతం. కండె అంటె నాడెల, అంటె సాంచల అటు ఇటు ఉరికే చెక్క డొప్పల, పెట్టే నూలు చుట్టిన పుల్ల. అది అయిపోతె ఇంకోటి పెట్టాలె, లేకుంటె సాంచ ఆగుతది.

మా తమ్ముడు నాకు సద్ది తెచ్చేటోడు. తెచ్చి పోకుంట నిలబడి చూసేటోడు. ఒకనాడు ఎవ్వలు చెప్పకముందే నా కాళ్లకాడి ఖాళీ కండెల డబ్బా ఎత్తుకపోయి, కండెలు చుట్టే మిషను కాడ పెట్టి, నిండిన డబ్బా తెచ్చి పెట్టిండు. తర్వాత పక్క సాంచకు. తర్వాత ఆ పక్కదానికి. ఎవ్వలు నేర్పలే. డబ్బా ఖాళీ అయితె తీస్కపోవుడు, నిండితె తెచ్చుడు. మాట అక్కరలేని జాగల మాట తక్కువోడు అందరికి సమానమే. నేను సాంచాలు ఇడిసిపెట్టినంక గూడ వాడు ఆ షెడ్డులనే ఉన్నడు. షెడ్డు ఆసామి నాకు వరుసకు అల్లుడు. వాన్ని ఒక్కనాడు తిట్టంగ నేను ఇనలే.

గసొంటి టైముల కరీంనగర్‌కెల్లి ఒక సంస్థోళ్లు బండేసుకొని వచ్చిండ్రు. బుద్ధి ఎదగనోళ్లకు ఉపాధి చూపిస్తరట. వాళ్ల పెద్ద సారు మా ఇంట్ల కుర్సీల కూసొని, "అంకుల్, ఇప్పుడు ఆయన చేస్తున్నది పని కాదు, అలవాటు. మేము శాస్త్రీయంగా శిక్షణ ఇస్తాం. పెద్ద షాపుల్లో ఉద్యోగం వస్తుంది" అన్నడు.

"అలవాటైన పని పని గాదా సారూ?" అన్న నేను.

మా ఇంటామె నడుమనే అందుకున్నది. "పేపర్లు చదివి చదివి అందరి మీద అనుమానపడుడు నేర్సినవ్. మనం పోయినంక వాన్ని ఎవలు చూస్తరు? జర సప్పుడు చెయ్యకుండుండు."

ఆసామి గూడ "పంపు మామా, నౌకరి దొరికితె నేనెందుకు అడ్డమొస్త" అన్నడు. నా మాట ఎక్కడ నడువలే. తమ్ముడు కొత్త అంగి తొడుక్కొని బండెక్కిండు.

నేను చూసేటందుకు పోయిన. చల్లటి రూము, బల్లలు, రంగురంగుల బొమ్మల పటాలు. వరుసగ కూసొని కాయితం కవర్లు అతికిస్తున్నరు. అక్కడి పద్ధతి ఏందంటె, చేతిల పని అయిపోంగనె చెయ్యెత్తాలె. మేడం వచ్చి చూసి "వెరీ గుడ్" అని చప్పట్లు కొడుతది. తక్కినోళ్లందరు కొడుతరు. తర్వాత మేడం ఇంకో పని చేతికిస్తది. అప్పటిదాక చెయ్యి దించద్దు, లేవద్దు, ఏది ముట్టద్దు. మా తమ్ముడు నన్ను చూసి గూడ చెయ్యి దించలే. మొకం ఎలిగిపోతున్నది. వానికి పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి చప్పట్లు కొట్టినోళ్లు లేరు, ఆ ఒక్క సంగతి నేను కాదనను.

శిక్షణ అయిపోయింది. సర్టిఫికెట్ ఇచ్చిండ్రు, శాలువ కప్పిండ్రు, ఫొటో దిగిండ్రు. పెద్ద షాపు నౌకరి మాత్రం రాలే. ఫోన్ చేస్తె "ఆయన పేరు లైన్‌లో ఉంది అంకుల్" అనుడే. ఇంట్ల కూసున్నోడు గోడలు చూసుకుంట చిక్కిపోతుంటె మళ్ల షెడ్డుకే తోలుకపోయిన. ఆసామి మంచోడు, రమ్మన్నడు.

ఇగ అక్కడ మొదలైంది పరేషాన్.

వాడు ఒక డబ్బా నింపుకొచ్చి సాంచ కాడ పెట్టిండు. పెట్టి, చెయ్యెత్తి నిలబడ్డడు. ఎవలు చూస్తరు? ఎవని సాంచ వానికున్నది. చప్పట్లు కొట్టిన ఆ మోతల ఇనపడుతయా? వాడు చెయ్యి దించడు, ఇంకో డబ్బా ముట్టడు. పక్క సాంచల కండెలు అయిపోయినయి. ఆ సాంచ ఆగింది, దాని ఎన్క ఇంకోటి ఆగింది. పోరగాండ్లు బీడీకి బయటికొచ్చి నవ్వుడు, "ఏ పార్టీ మీటింగే ఇది, గంత సేపు చెయ్యెత్తినవ్?" అని. వాడు గూడ నవ్విండు. చెయ్యి మాత్రం అట్లనే ఉన్నది.

ఇంట్ల గూడ అదే కత. తల్లెల అన్నం తిని, ఆ ఖాళీ తల్లె ముంగట చెయ్యెత్తి కూసుంటడు. మా ఇంటామె మొదట నవ్వింది. తర్వాత "బేష్" అనేది. ఆఖరికి కొంగుతోని కండ్లు తుడ్సుకున్నది. శిక్షణకు పంపుమన్నది నువ్వే గదా అని నా నాలిక మీదికొచ్చింది, మింగిన.

ఆసామి మా ఇంటికొచ్చి గడప కాడనే నిలబడ్డడు.

"మామా, పండుగ చీరల ఆర్డరొచ్చింది. సాంచాలు ఆగితె నా పని ఆగుతది. ఇంక కొన్నొద్దులు చూస్త. తర్వాత వేరే మనిషిని పెట్టుకుంట. నా మీద కోపం చేసుకోకు."

"కోపం నీ మీద గాదు అల్లుడా" అన్న. ఆ పని పోతె వానికి ఈ లోకంల వేరే జాగ లేదు. అది ఆసామికెరుకే, నాకెరుకే.

తెల్లారి కరీంనగర్ బస్సెక్కిన. పెద్ద సారు నన్ను గుర్తుపట్టలే, మా తమ్ముని ఫొటో గోడ మీద ఉన్నది, దాన్ని చూపించిన.

"సారూ, మీ మనుషులల్ల ఒకల్ని మా షెడ్డుకు పంపుండ్రి. పని జాగల వాని పక్కన నిలబడాలె. నేర్పినోళ్లే మర్పియ్యాలె."

"సెంటర్‌కు తీసుకురండి అంకుల్. మళ్లీ శిక్షణ ఇస్తాం."

"సెంటర్ల వాడు మంచిగనే చేస్తడు సారూ. సెంటర్ల సాంచాలు లేవు."

"శబ్దమే సమస్య అయితే చెవుల్లో దూది పెట్టుకోమనండి."

నేను ఆయన దిక్కు చూసిన. ఆయన నిజంగనే చెప్తున్నడు, ఎకసక్కెం గాదు. అది ఇంకా కష్టం. ఎకసక్కెమాడినోనికి జవాబియ్యొచ్చు, దూది చెప్పినోనికి ఏం జవాబిస్తం? దరఖాస్తు రాసి బల్ల మీద పెట్టి లేచిన.

గేటు కాడికి మేడం ఉరికొచ్చింది. చప్పట్లు కొట్టే మేడమే. ఆమెది భైంసా.

"కాకా, మీరన్నది నాకు సమజైంది. మా నాయిన పత్తి జిన్నింగు మిల్లుల చేసెటోడు, ఆ మోత నాకెరుకే. నాకు రావాలనే ఉన్నది, కని సెంటర్ ఇడిసిపోతె హాజరు వెయ్యరు."

"మరి నన్నేం చెయ్యమంటవ్ బిడ్డా? చెయ్యి గుంజి కిందికి దించితె వాడు బెదురుతున్నడు."

ఆమె అన్నది, "దించకుండ్రి కాకా. ఆయన చెయ్యెత్తితె మేము పని ఇచ్చినం గదా. మీరు గూడ ఇయ్యుండ్రి."

బస్సుల ఇంటిదాక నాకు కోపమే. ఇంత చిన్న మాట చెప్పేటందుకు జీతాలు తీసుకునేటోళ్లు గేటు బయటికి దొంగతనంగ రావాల్నా అని. కని మాట మాత్రం ఇడిసిపెట్టలే.

తెల్లారి నేనే షెడ్డుల నిలబడ్డ. మోకాళ్లు సతాయిస్తుంటె గోడకు ఆనుకొని నిలబడ్డ. తమ్ముడు నిండిన డబ్బా తెచ్చి పెట్టిండు, చెయ్యెత్తిండు. నేను పక్క సాంచ కాడి ఖాళీ కండెల డబ్బా తీసి, దాని తీగ పిడి ఆ ఎత్తిన చేతికి తగిలిచ్చిన. వాడు పైకి చూసిండు. డబ్బాను చూసిండు, నన్ను చూసిండు. ఖాళీ డబ్బా ఎక్కడికి పోవాల్నో వాని కాళ్లకు యాదికున్నది. మిషను దిక్కు నడిసిండు.

ఒకటి రెండొద్దులు నేనే తగిలిచ్చిన. తర్వాత సాంచ నడిపెటోళ్లు అందుకున్నరు. వాడు చెయ్యెత్తుడే ఆలస్యం, దగ్గరున్నోడు ఖాళీ డబ్బా తగిలిస్తడు. మీటింగు అని నవ్విన పోరడే అందరికంటె ముంగట తగిలిచ్చిండు. "కాకా, గిది మంచిగున్నది, ఇగ సాంచాలు ఆగుడు తప్పింది" అన్నడు. కొన్నొద్దులకు వాని చెయ్యి సగమే లేసుడు, డబ్బా కనపడంగనె తానే అందుకునుడు. ఇంట్ల మా ఇంటామె గూడ అదే నేర్సింది. వాడు తిని చెయ్యెత్తంగనె తల్లె చేతికిస్తది, వాడు కడుక్కొస్తడు.

ఆసామి ఒక పొద్దు చాయ్ తెప్పిచ్చి నాకింత, తమ్మునికింత పోయించిండు. "పండుగ దాటినంక గూడ ఉంటడు మామా" అన్నడు. ఆ మాట కోసమే నేను నిలబడ్డది. ఆ పొద్దు ఇంటికొచ్చి కాళ్లు చాపుకున్న.

అంతటితోని ఊకుంటె అయిపోయేది. కని సెంటర్ల ఆ బల్లల కాడ హుజూరాబాద్ పిల్ల ఒకతె, ధర్మపురి పిలగాడొకడు చెయ్యెత్తి కూసున్నరు, నా కండ్లల్ల అట్లనే ఉన్నరు. వాళ్ల ఇండ్లల్ల నిలబడే అన్న ఉన్నడో లేడో. అందుకే మళ్ల రాసిన. జవాబు రాకుంటె ఇంకోసారి రాసిన. అడిగింది ఒక్కటే: మీ మనిషిని పని జాగకు పంపుండ్రి, అక్కడి పద్ధతి చూసి అక్కడనే నేర్పుండ్రి. దాని కింద మా తమ్ముని కత మొత్తం రాసిన, డబ్బా తగిలిచ్చిన సంగతి గూడ.

ఆఖరికి జవాబొచ్చింది. ఉన్నది ఉన్నట్టు దింపుతున్న:

"ఆర్యా, మీ లేఖలు అందినవి. కేంద్రం వెలుపల, పని జరిగే చోట శిక్షణ ఇచ్చే ఏర్పాటు మా వద్ద ప్రస్తుతం లేదు. అయితే మీ తమ్ముడు షెడ్డులో చక్కగా పని చేస్తున్నట్టు మీ లేఖ ద్వారా తెలిసి ఎంతో సంతోషించాము. మా శిక్షణ ఫలించినందుకు మీ కుటుంబానికి అభినందనలు. పని చేస్తూ చెయ్యి ఎత్తిన ఫొటో ఒకటి పంపగలరు. మా గోడ మీద పాత ఫొటో పక్కన పెట్టుకుంటాము."