దేవి గొంతులో పులిపిర్లు

ఈమధ్య చెన్నై పురసవాక్కంలోని నా క్లినిక్‌కు ఒక అవ్వ మనవణ్ణి ఎత్తుకొచ్చింది. వాడి నోటి దగ్గరికి వంగగానే వసకొమ్ము వాసన గుప్పుమంది. మాటలు బాగా రావాలని పిల్లల నాలుక మీద వస అరగదీసి రాయడం మా వాళ్ళకు అలవాటే. ఆ వాసనకు నాకు సులోచన మేడమ్ గుర్తొస్తారు. తొంభైలలో నేను ఈఎన్‌టీ చదువుతున్నప్పుడు ఆవిడ మా యూనిట్ చీఫ్. పాత మద్రాసు వర్తకుల ఇంటి ఆడపడుచు. మెచ్చుకోవడం చేతకాదు కానీ, తిట్టడం బాగా వచ్చు.

తొండియార్‌పేట నుంచి రాణి అనే ఆవిడ తన మూడేళ్ళ కూతురు దేవిని మా ఆసుపత్రికి తెచ్చేది. పిల్లకు గొంతు బొంగురు, ఊపిరిలో గురక. ఇంట్లోవాళ్ళు వస రాస్తూ ఏడాది గడిపేశారు. నేనేమైనా తక్కువ తిన్నానా? ఉబ్బసమని రాసి నెల రోజులు సిరప్ తాగించాను.

ఒకరోజు మేడమ్ దేవి ఎదురుగా కూర్చుని, స్టెతస్కోప్ పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని విన్నారు. ఆవిడ పద్ధతే అది.

"ఏమ్మా, ఈ సౌండు గాలి లోపలికి పీల్చేటప్పుడు వస్తా ఉండాదా, బయటికి వదిలేటప్పుడా?" అని నన్నడిగారు.

విన్నాను. లోపలికి పీల్చేటప్పుడే. ఉబ్బసమైతే వదిలేటప్పుడు రావాలి.

మరునాడు ఉదయం మత్తిచ్చి చూస్తే స్వరపేటిక నిండా పులిపిర్లు. గాలి పోవడానికి అగ్గిపుల్ల పట్టేంత సందు మిగిలింది. క్యాన్సర్ కాదు, చాలా అరుదుగా వచ్చే జబ్బు. అయినా ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే పిల్ల ఊపిరాడక పోయేది. మేడమ్ ఒక్కొక్కటే ఓపిగ్గా తీశారు.

చేతులు కడుక్కుంటూ, "బయట ఆయమ్మ నిలబడుండాది. పో, ఉబ్బసమని రాసింది తప్పని చెప్పు" అన్నారు.

"మీరు చెబితే బాగుంటుంది మేడమ్."

"నేనెందుకు చెప్పేది? రాసింది నువ్వు కదా."

వెళ్ళి చెప్పాను. అవి మళ్ళీ మొలుస్తాయని, మళ్ళీ మళ్ళీ తీయాల్సి వస్తుందని కూడా చెప్పాను. రాణి ఏడవలేదు, అరవలేదు. "నెల దినాలు తాపిచ్చినానే ఆ మందు" అంది, అంతే. తిట్టినా బాగుండేదనిపించింది. మేడమ్ మీద మాత్రం ఒళ్ళు మండింది. రెండు రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను. ఆవిడ గమనించినట్టే లేదు.

మూడు నెలలకు దేవికి మళ్ళీ ఆయాసం వచ్చింది. ఆ రోజు మేడమ్ సెలవు. నాకంటే సీనియర్ డాక్టరు చెయ్యి చాపినా రాణి పిల్లను ఇవ్వలేదు.

"తప్పైపోయిందని చెప్పినారే, ఆడ ఉండే ఆ డాక్టరమ్మే చూడాల. ఆయమ్మైతే నా దగ్గిర ఏమీ దాచిపెట్టదు" అని నేరుగా వచ్చి పిల్లను నా చేతుల్లో పెట్టింది.

దేవికి మొత్తం తొమ్మిది ఆపరేషన్లయ్యాయి. పెద్దదవుతుంటే పులిపిర్లు మొలవడం ఆగింది, గొంతు బొంగురుగానే మిగిలింది. మేడమ్ ఇప్పుడు లేరు. ఏ పిల్లకైనా నేను రాసింది తప్పైతే, ఈనాటికీ ఆ పిల్ల తల్లి దగ్గరికి నేనే వెళతాను. ఇన్నేళ్ళొచ్చినా అది నాకు తేలిక కాలేదు. వెళ్ళి చెబుతాను.