ముందు తీగ, తర్వాత తలుపు

మా పెదనాన్న యుద్ధానికి వెళ్లలేదు. యుద్ధమే ఆయన పనిచేసే పడవలోకి వచ్చి కూర్చుంది.

అది చేపల వేటకు వెళ్లే పాత ఆవిరి పడవ. ఆయన అందులో ఇంజను మనిషి. ఒక పొద్దున నౌకాదళం వాళ్లు రేవుకొచ్చి పడవకు బూడిదరంగు పూశారు. ముందు భాగాన చిన్న తుపాకీ బిగించారు. వల లాగే చక్రానికి వల తీసేసి ఉక్కు తీగ చుట్టారు. "ఈ ఇంజను సంగతి ఎవరికి తెలుసు?" అని అడిగితే పడవ యజమాని పెదనాన్న వైపు వేలు చూపించాడట. అంతే, పడవ సామానుతో పాటు ఆయన్నీ రాసుకున్నారు.

ఇక ఆ పడవ పని, శత్రువులు సముద్రంలో వదిలిన మందుపాతరలను ఏరడం. ఒక్కొక్కటీ నీళ్ల తొట్టెంత ఇనుప గుండు. ఒంటి నిండా కొమ్ములు. అడుగున ఒక బరువుకు గొలుసుతో కట్టి, నీటి పైకి కనబడకుండా నిలబెడతారు. ఓడ దాని కొమ్మును తాకిందా, అంతే సంగతులు. ఈ పడవ వెనకాల పొడవాటి ఉక్కు తీగ ఈడ్చుకుంటూ తిరిగితే, తీగ ఆ గొలుసును కోసేది. గుండు పైకి తేలేది. దూరం నుంచి తుపాకీతో పేల్చేవాళ్లు.

ఏరుతున్నంతసేపూ ఎవరూ లోపల ఉండకూడదని నియమం. అందరూ నీళ్లలో తేలే బెండు చొక్కాలు తొడుక్కుని పైన నిలబడాలి. ఇంజను మనిషికి మాత్రం ఆ నియమం లేదు. ఇంజను కింద ఉంటుంది కాబట్టి ఆయనా కిందే ఉండాలి. పన్నెండు మెట్ల ఇనుప నిచ్చెన, దాని నెత్తిన ఇనుప తలుపు, రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలే గది. పైలోకంతో సంబంధం ఒక్క ఇత్తడి గొట్టమే. ఏరే వేళ వంట ఉండదు కాబట్టి గొట్టం పై కొస దగ్గర వంటాయన కూర్చునేవాడు. కెప్టెన్ మాట కిందికీ, కింది మాట కెప్టెన్‌కీ చేర్చడం ఆయన పని.

"పైన ఎలా ఉందయ్యా?" అని పెదనాన్న అడిగితే, "ఆకాశం ఉంది. ఓ ముక్క పొట్లం కట్టి పంపనా?" అనేవాడట.

పైకి మార్చమని పెదనాన్న రెండుసార్లు అడిగాడు. అంతకుముందు బళ్లో భూగోళం చెప్పిన కెప్టెన్ మెత్తని మనిషి. రెండుసార్లూ ఓపిగ్గా విని, "నువ్వు తప్ప ఎవరు ముట్టుకున్నా ఈ ఇంజను మొరాయిస్తుంది. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. పెదనాన్న ఆ మాట తలుచుకుని, "పని రాకపోవడం కూడా ఒక అదృష్టమేనమ్మా" అనేవాడు నాతో.

మూడో ఏడు, మబ్బు పట్టిన ఒక ఉదయం. బొగ్గు వేసే తోటివాడు జ్వరంతో ఒడ్డున ఉండిపోవడంతో ఆయన ఒక్కడే కింద ఉన్నాడు. పడవ పక్కనే ఒక మందుపాతర పేలింది. దీపం గాజు పగిలింది, ఒక ఆవిరి గొట్టం చిట్లింది, ఎక్కడి నుంచో నీళ్లు లోపలికి రావడం మొదలైంది. ఆయన నిచ్చెనెక్కి తలుపు తోశాడు. చట్రం వంగిపోయింది. భుజంతో తోసినా, బొగ్గు పారతో కొట్టినా, వెంట్రుకంత కదల్లేదు.

ఇత్తడి గొట్టంలో వంటాయన గొంతు వినబడింది. "బతికున్నావా? ఇంజను ఆపకు! ఏం జరిగినా ఆపకు!"

పైన ఇంకో మందుపాతర తీగకు చిక్కుకుని, పడవ వెనక పాతిక గజాల దూరంలో తేలుతోంది. తీగ చుట్టే చక్రం పేలుడుకు బిగుసుకుపోయింది. పడవ ఆగితే గుండు వచ్చి ఒరుసుకుంటుంది. వేగం పెంచితే తీగ గుంజుకుని ఏ కొమ్మో విరగవచ్చు. నెమ్మదిగా ముందుకు పోతూనే ఉండాలి, ఈలోగా బొటనవేలంత లావు ఉక్కు తీగను చేత్తో కోయాలి. పడవ మొత్తానికి ఇనుము కోసే రంపం ఒక్కటే.

"రంపం ఒకటే. తీగా, తలుపా అని అడుగుతున్నారు కెప్టెన్," అన్నాడు వంటాయన.

పెదనాన్న జవాబు చెప్పాడు. కాసేపు గొట్టంలో ఏమీ వినబడలేదు. తర్వాత, "సరే. ముందు తీగ, తర్వాత తలుపు. ఓపిక పట్టు," అన్న మాట వచ్చింది.

రెండు గంటల నలభై నిమిషాలు. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. ఒకవైపు మరిగే ఆవిరి, ఇంకోవైపు చల్లటి నీళ్లు. నీళ్లు పొయ్యిని అందుకోకముందే పని ముగియాలని ఆయనకు తెలుసు. బొగ్గు వేస్తూ, ఆవిరి ముల్లు చూస్తూ, మధ్యమధ్య నిచ్చెనెక్కి తలుపు మీద కొడుతూ ఉన్నాడు. చివరికి తీగ తెగింది, గుండు దూరంగా పోయింది. తర్వాత రంపం తలుపు దగ్గరికొచ్చింది. పైకి లాగినప్పుడు ఆయన అరచేతుల్లో చర్మం లేదు.

పతకం ఇచ్చారు. దాంతో వచ్చిన కాగితంలో, "సహచరుల క్షేమం కోరి, ముందు తీగనే కోయమని తానే చెప్పిన ధీరుడు" అని రాశారు. నెల తిరక్కుండా మళ్లీ కిందికి దింపారు. యుద్ధం ముగిసింది, ఊళ్లన్నీ పండగ చేసుకున్నాయి. మందుపాతరలకు ఆ కబురు అందలేదు కదా. అందరూ ఇళ్లు చేరాక కూడా ఇంకో రెండేళ్లు ఆ పడవ ఏరుతూనే ఉంది. ఆ రెండేళ్లూ ఆయన ఆ పన్నెండు మెట్ల కిందే ఉన్నాడు.

తిరిగొచ్చాక వీధి పక్కన రేకు పందిరి కింద సైకిళ్లు బాగుచేసే పని పెట్టుకున్నాడు. "ఆయనకు గోడలు పడవు," అనేది పెద్దమ్మ. స్నానాల గది తలుపు వేసుకునేవాడు కాదు. లోపల ఉన్నట్టు తెలియడానికి పాట అందుకునేవాడు. ఆ గొంతు విన్నవాళ్లు తలుపుకే కాదు, ఆ వాటాకే దూరంగా జరిగేవాళ్లు.

ఏటా రేవు దగ్గర సభ జరిగేది. ఆ కాగితం చదివి దండ వేసేవాళ్లు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టేవాడు కాదు. ఒక ఏడు పెద్దమ్మకు మోకాలి నొప్పి వచ్చి నేను తోడు వెళ్లాను. కాగితం చదవడం కాగానే ఆయన లేచి మైకు అందుకున్నాడు.

"నేనలా అనలేదు," అన్నాడు. "ముందు తలుపు తియ్యమన్నాను. ఏడ్చాను. కాళ్లు పట్టుకుంటానన్నాను."

మూడో వరసలో వంటాయన కర్ర ఊతంతో లేచాడు.

"అవును. గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టి, ముందు తీగ కొయ్యమంటున్నాడని కెప్టెన్‌కి నేనే చెప్పాను. నిజం చెబితే ఆయన మనసు ఆగదు, రంపం నీ దగ్గరికే పంపేవాడు. అందరం పోయేవాళ్లం. నువ్వు కూడా."

"తెలుసయ్యా. ముప్పై ఏళ్లుగా తెలుసు. కానీ నీ మాటకు దండలు నేను మోశాను. ఆ గది నుంచి బయటికి తీశారు గానీ, ఈ కాగితం నుంచి తియ్యలేదు."

"అయితే తిట్టు."

"అప్పుడే తిట్టాను, గొట్టంలో."

"చెయ్యి అడ్డం ఉంది. నాకేం వినబడింది?"

పెదనాన్న తిట్టాడు. నాలుగు వందల మంది ముందు, మైకులో, రేవు భాషలో తిట్టాడు. నేను తల దించుకున్నాను. తల ఎత్తి చూసేసరికి ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఉన్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు.

మరుసటి నెల కాగితం సవరించడానికి నౌకాదళం ఆఫీసు నుంచి ఒక గుమాస్తా సైకిళ్ల పందిరి దగ్గరికి వచ్చాడు. అంతా రాసుకుని, "మరి తలుపు తియ్యలేదని తెలిశాక కోపంతో ఇంజను ఆపెయ్యొచ్చు కదా. ఎందుకు ఆపలేదు?" అని అడిగాడు.

పెదనాన్న చేతిలోని పానా కింద పెట్టాడు. "ఆపుదామని రెండుసార్లు చెయ్యి వేశాను. పైన ఆ వంటాయన ఉన్నాడు కదా," అన్నాడు.

గుమాస్తా దాన్ని కూడా రాసుకుని, సైకిలుకు గాలి కొట్టించుకుని వెళ్లాడు.