ఆరు టిష్యూ ప్యాకెట్లు, ఒక కచేరీ

నా జీవితంలో నేను చేసిన వెధవ పనుల జాబితా తీస్తే మా ఫ్లాట్ గోడలు చాలవు. అయినా నా భార్య లలిత మొట్టమొదటి కచేరీ రోజున చేసినదానికి మాత్రం ఇంతవరకూ పోటీ రాలేదు. ఆ రాత్రి నాకు ఇంట్లో అన్నం దొరికిందా లేదా అన్నది చివర్లో చెప్తాను. ఇప్పుడే చెప్పేస్తే మీరు లేచిపోతారు.

నేను పుట్టి పెరిగింది మలేషియాలో. ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చి, సెంబవాంగ్‌లో మూడు తరాలుగా ఉంటున్న కుటుంబంలో అల్లుడినయ్యాను. పెళ్ళయిన కొత్తలో లలిత నాకు నేర్పిన మొదటి విద్య ‘చోప్’ చేయడం. హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాల్లో, తిండి తెచ్చుకోవడానికి వెళ్ళేముందు కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేస్తే చాలు, మంత్రిగారొచ్చినా ఆ కుర్చీ ముట్టుకోరు. ఈ విద్య నాకు ఎంతగా ఒంటబట్టిందంటే, ఖాళీ కుర్చీ కనబడితే బుర్ర కంటే ముందు చెయ్యి జేబులోకి పోతుంది. బుర్ర ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది.

ఇక లలిత సంగతి. గొంతు బంగారం, గుండె మాత్రం పిచ్చుకది. చిన్నప్పుడు బడిలో స్టేజీ ఎక్కి, నోరు తెరిచి, శబ్దం రాక, ఏడుస్తూ దిగిపోయిందట. మళ్ళీ పాతికేళ్ళ తర్వాత, మా తెలుగు అసోసియేషన్ సంగీత సాయంత్రంలో ఇరవై నిమిషాలు పాడటానికి ఒప్పుకుంది. ఆరు నెలలు వంటింట్లో సాధన చేసింది. ఆ ఉదయం నా చెయ్యి పట్టుకుంది.

“ఏమండీ, ముందు వరసలో సరిగ్గా మధ్యలో కూర్చోండి. మీ మొహం చూస్తూ పాడతాను. మీరు కనబడకపోతే నా గొంతు లేవదు.”

“నువ్వు పాడు, నేనున్నాగా!” అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాను. ఆ గుండెకి గానీ చేతికి గానీ రాబోయేది తెలీదు పాపం.

రిహార్సల్‌కని లలిత ముందే వెళ్ళిపోయింది. మా అత్తగారినీ, ఎనిమిదేళ్ళ మా పింకీనీ, షిప్‌యార్డ్‌లో రిటైరైన పక్కింటి అప్పారావు అంకుల్‌నీ వెంటబెట్టుకుని నేను తంజోంగ్ పగార్ చేరాను. పాత గోదాముని కళల భవనంగా మార్చారక్కడ. మేడ మీద సంగీత హాలు, కింద బొమ్మలూ గట్రా ప్రదర్శన. ఈ సంగతి అప్పుడు నాకెవరూ చెప్పలేదు. అంటే, లలిత చెప్పింది, నేను వినలేదు.

లోపలికి అడుగు పెట్టగానే ఎడమవైపు పెద్ద గది. వరసలు వరసలుగా పాత చెక్క కుర్చీలు, ఎదురుగా తెల్లటి గోడ. నరమానవుడు లేడు! నా చెయ్యి జేబులోకి పోయింది. ముందు వరస నడిమధ్యన ఆరు కుర్చీల మీద ఆరు ప్యాకెట్లు టపటపా పడ్డాయి. మేం నలుగురమే, మిగతా రెండూ ముందుజాగ్రత్త.

“శెభాష్ అల్లుడూ!” అన్నారు అత్తగారు. అప్పారావు అంకుల్ పక్కనున్న ఒక చిన్న బోర్డుకి తన గొడుగు తగిలించి, కాళ్ళు బారజాపారు. మర్యాదస్తుణ్ణి కదా, నేను ఫోన్ నోరు నొక్కేశాను.

ఏడైంది.

“డాడీ, వేర్ ఈజ్ ద మైక్?” అంది పింకీ.

“చివర్లో తెస్తారమ్మా.”

“స్టేజ్ కూడా నో లా!” సింగపూర్ పిల్ల కదా, మాట చివర ‘లా’ తగిలించనిదే తోచదు.

“మనవాళ్ళ ప్రోగ్రాం ఎప్పుడైనా టైముకి మొదలైందా తల్లీ?” అని అంకుల్ నవ్వారు. “కార్డులో ఏడంటే ఎనిమిదని అర్థం. నేను యాభై ఏళ్ళుగా చూస్తున్నా.”

అత్తగారు జంతికల డబ్బా మూత తీశారు. జనం రావడం మొదలుపెట్టారు గానీ ఒక్కరూ కూర్చోరే! గోడవారగా నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. ఒకాయన ఫోటో తీశాడు. “లలిత వాళ్ళాయనని తెలిసిపోయినట్టుంది” అనుకుని నేను చొక్కా సర్దుకున్నాను. ఇంతలో మేడ మీద నుంచి చప్పట్లు వినబడ్డాయి.

“పైన ఎవరిదో బాగానే జరుగుతోంది. అదృష్టవంతులు, టైముకి మొదలెట్టారు” అన్నాను. నిజంగా ఇవే మాటలు. పింకీ ఇప్పటికీ నా గొంతుతో అని చూపిస్తుంది.

నల్ల బట్టలు వేసుకున్న ఒక చైనీస్ అమ్మాయి వచ్చి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళు!

“అంకుల్, ఈ కుర్చీలు పేర్చింది నేనే. ఐదు రోజులుగా ఇక్కడ ఎవరూ రెండు నిమిషాలకి మించి కూర్చోలేదు. మీరు గంట నుంచి కదలకుండా కూర్చున్నారు. ఎలా వచ్చింది మీకీ ఓపిక?”

“అలవాటేనమ్మా, మాది తెలుగు అసోసియేషన్” అన్నాను ఇంగ్లీషులో, వినయంగా. కుర్చీలు పేర్చిన పిల్లకి ఇంత భక్తేమిటా అని ముచ్చటపడ్డాను కూడా.

“ఈ టిష్యూ ప్యాకెట్లు కూడా... వావ్!” అని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. అందులోంచే ఒక టిష్యూ తీసిచ్చాను.

అప్పుడు బాత్‌రూమ్‌కి వెళ్ళిన పింకీ కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చింది. “డాడీ! అమ్మ ఈజ్ సింగింగ్! అప్‌స్టేర్స్ లా!”

“ఆలమాక్, కొంప మునిగింది!” అని అత్తగారు డబ్బా వదిలేశారు. జంతికలు గదంతా దొర్లాయి. నలుగురం ఒక్కసారిగా లేచాం. అంతే, గోడవారనున్న జనమంతా చప్పట్లు! “ప్లీజ్, వెళ్ళకండి!” అని ఆ అమ్మాయి నా చొక్కా పట్టుకుంది. అంకుల్ గొడుగు లాక్కోగానే దాని వెనక బోర్డు కనబడింది. ‘కూర్చోండి. ఇక్కడ ఏమీ మొదలవదు’ అని రాసుంది. మేం గంట నుంచి కూర్చున్నది ఆ అమ్మాయి పెట్టిన ప్రదర్శనలో!

మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలీదు. చిన్నప్పుడు స్టేజీ మీద నోరు తెరుచుకుని నిలబడిపోయిన లలితే నా కళ్ళ ముందు. హాలు తలుపు తోసేసరికి జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. స్టేజీ మీద లలిత నమస్కారం పెడుతోంది. ముందు వరస నడిమధ్యన నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వాటి మీద నా పేరు రాసిన కాగితాలు. ఫోన్ తీసి చూస్తే లలితవి ఏడు మిస్డ్ కాల్స్. మా అసోసియేషన్ పుట్టాక మొదటిసారి కార్యక్రమం సరిగ్గా ఏడింటికి మొదలైందట. వాళ్ళకి ఆ రోజే బుద్ధి పుట్టాలా?

ట్రైనులో అత్తగారు కిటికీ వైపు, అంకుల్ గొడుగు వైపు చూస్తూ కూర్చున్నారు. సెంబవాంగ్‌లో దిగాక ఇక ఉండబట్టలేక, “లలితా, నన్ను నాలుగు తిట్టు” అన్నాను.

“ముందు వరసలో ఒక్కరూ లేరు” అంది. “అయిపోయిందండీ, పారిపోదామనుకున్నా.”

“మరి?”

“మళ్ళీ చూశాను. ఖాళీ కుర్చీలు. మనింట్లోనూ అంతేగా! ఆరు నెలలు వంటింట్లో పాడాను, మీరెప్పుడైనా వచ్చి కూర్చుని విన్నారా? అచ్చం ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. హాయిగా పాడేశాను.”

అన్నం దొరికింది. వంటింట్లో స్టూలు మీద కూర్చుని తిన్నాను.

ఆ తర్వాత లలిత చాలా కచేరీలు చేసింది. ప్రతిసారీ ఒకటే షరతు, ముందు వరసలో నడిమధ్య నాలుగు కుర్చీలు ఖాళీగా ఉండాలి. ఆ ఏర్పాటు చూసేది నేనే, టిష్యూ ప్యాకెట్లతో. తర్వాత వెనక్కెళ్ళి స్తంభం చాటున నిలబడతాను.

కాబట్టి పాఠక మహాశయులారా, సింగపూర్‌లోని సమస్త కుర్చీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అక్కడేమైనా మొదలవుతుందో లేదో కనుక్కోకుండా ఇకమీదట ఏ కుర్చీలోనూ కూర్చోను. మా వంటింట్లో స్టూలు ఒక్కటే దీనికి మినహాయింపు. అక్కడ రోజూ సాయంత్రం ఆరింటికి లలిత సాధన ఠంచనుగా మొదలవుతుంది. ఇంకెవరూ కూర్చోకుండా దాని మీద పొద్దున్నే ఒక ప్యాకెట్ పెట్టి మరీ ఆఫీసుకి వెళ్తాను.