పరుపు కిందికి పోయే వైపు

సముద్రం ఒడ్డున ఉన్న ఆ పాత బంగళా హోటల్‌కి నూట అరవై ఏళ్ళని గేటు దగ్గర రాతి పలక చెబుతుంది. లోపల పనిచేసేవాళ్ళ కథలు కూడా కలుపుకుంటే మూడువందలు దాటుతాయి. ఎవరో ఓడల వ్యాపారి వేసవి విడిదిగా కట్టించుకున్నాడట. కిటికీ తెరిస్తే చాలు, సముద్రం పిలవకుండానే లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చునేదట. ఆ ఇంట్లో ముప్పై నాలుగేళ్ళు పక్కలు వేసిన మనిషిని అందరూ మడత మామయ్య అనేవాళ్ళు. ఆయన బిగించి పరిచిన దుప్పటి మీద నడవబోయి ఒక చీమ జారిపడి నడుం విరగ్గొట్టుకుందని, దాన్ని పరామర్శించడానికి చుట్టాలంతా బారులు తీరి వచ్చారని, ఆ బారు మాత్రం తన కళ్ళతో చూశానని ఆయన ఒట్టేసి చెప్పేవాడు.

ఆయన భార్య అదే హోటల్లో కింది గదిలో కూర్చుని చిరిగిన దుప్పట్లు బాగుచేసేది. అందరికీ సూదత్త. చిరుగు మీద గుడ్డముక్క వేసి కుట్టడం ఆవిడకి నామోషీ. పోగు పక్కన పోగు నేసుకుంటూ పోయేది. పూర్తయ్యాక చిరుగు ఎక్కడుండేదో ఆవిడే మర్చిపోయేది. అయినా హోటల్‌కి ఒక నియమం ఉండేది: కుట్టు పడిన దుప్పటి అతిథి కంట పడకూడదు. అందుకని కుట్టున్న వైపు కాళ్ళ దగ్గరికి తిప్పి, గట్టిగా లాగి, పరుపు కిందికి దోపేయడం మడత మామయ్య పని. అలా రోజూ లాగి దోపడం వల్లే దుప్పట్లు ఆ చివరనే చిరిగేవి.

"నువ్వు చింపుతావు, నేను కుడతాను, మళ్ళీ నువ్వే దాచేస్తావు. ఏం సంసారమయ్యా ఇది!" అనేది సూదత్త.

ఆవిడ కోరిక ఒక్కటే. మేడ మీద సముద్రం వైపు తొమ్మిదో నంబరు గదిలో, అతిథిలా, చెప్పులు ఎక్కడ పడితే అక్కడ వదిలేసి ఒక రోజు పడుకోవాలి. మామయ్య పని మానేసిన రోజున మేనేజరు శాలువాతో పాటు ఒక ఉత్తరం ఇచ్చాడు: ఇద్దరికి, రెండు రాత్రులు, ఏ గదైనా, రెండేళ్ళలోపు. వానలు తగ్గనీ అన్నాడు మామయ్య. తగ్గాక, రద్దీ తగ్గనీ అన్నాడు. రద్దీలో వెళితే వెనకవైపు గది అంటగడతారని ఆయన భయం. అలా ఏడాదిన్నర తగ్గించుకుంటూ పోయేసరికి సూదత్తే వెళ్ళిపోయింది.

ఉత్తరానికి ఇంకా నాలుగు రోజులు గడువుందనగా ఆయన ఒక్కడే పెట్టె పట్టుకుని, జీవితంలో మొదటిసారి, ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. కౌంటర్లో ఉన్న కళ్ళద్దాలాయన కొత్తవాడు. ఉత్తరం చదివి వినయంగా నవ్వాడు.

"ఇద్దరికి అని ఉంది సార్. మేడమ్ వెనకాల వస్తున్నారా?"

"లేదండీ. ముందే వెళ్ళిపోయింది."

కళ్ళద్దాలాయన కంగారుగా మెట్ల వైపు చూశాడు. "తాళం ఇవ్వకుండా ఎలా వెళ్ళారు సార్?"

"ఆవిడకి తాళాలతో పని లేదులెండి," అన్నాడు మామయ్య.

తొమ్మిదో నంబరు గదిలో చెప్పులు విడిచి, ఆవిడ చెప్పినట్టే ఒకటి తలుపు దగ్గర, ఇంకొకటి కుర్చీ కింద పడేట్టు విసిరాడు. తరవాత తిన్నగా మంచం దగ్గరికెళ్ళి కాళ్ళ వైపు పరుపు ఎత్తి చూశాడు. దోపుడే లేదు. దుప్పటికి నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉంది. కొత్త గుడ్డ, ఎక్కడా మచ్చ లేదు. ఫోనెత్తి, దుప్పటి బాగోలేదని ఫిర్యాదు చేశాడు.

రెండు నిమిషాల్లో గదుల పని చూసే సూపర్‌వైజరమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఒకప్పుడు ఆయన దగ్గరే పక్క వేయడం నేర్చుకున్న పిల్ల.

"ఎవరబ్బా దుప్పటికి వంక పెట్టిందీ అని వచ్చా. నువ్వా మామయ్యా! ఏముందందులో, మరకా?"

"ఏమీ లేదే అమ్మడూ. అదే నా ఫిర్యాదు. చిరుగు లేదు, కుట్టు లేదు. మీ అత్తయ్య కుట్టిందొకటి తెచ్చి పరుచు."

ఆ అమ్మాయి ముఖంలో నవ్వు నెమ్మదిగా దిగిపోయింది. "పాతవన్నీ పోయిన నెలే పంపించేశాం మామయ్యా. కార్ల షెడ్లకి, తుడుచుకోడానికి."

"ఒక్కటీ లేదా?"

"నువ్వు వస్తావని తెలిస్తే ఒక్కటైనా ఉంచేదాన్ని కదా. ఇంట్లో అత్తయ్యవి ఏమీ లేవా?"

మామయ్య మంచం అంచున కూర్చున్నాడు. చేతులు వాటంతటవే పక్కనున్న ముడత సరిచేశాయి.

"ఆ రోజు పొద్దున మీ అత్తయ్యని ఆసుపత్రి బండి ఎక్కించారు. బండిలో చోటు లేదు, వెనక ఆటోలో రమ్మన్నారు. ఆటో వచ్చేలోపు ఏం చేశానో తెలుసా? పక్క సర్దేశాను. ఆవిడ పడుకున్న గుంట, దిండు మీద తల ఆనిన చోటు, అన్నీ దులిపి, లాగి, చీమ నడవలేనంత నున్నగా చేసి మరీ వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే ఆ మంచం మీద ఎవరూ ఎన్నడూ పడుకోనట్టుంది. ముప్పై నాలుగేళ్ళు నేర్చుకున్న విద్య, ఎక్కడ చూపించానో చూడు."

 "ఉండు," అని ఆ అమ్మాయి కిందికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో పసుపుపచ్చగా మారిన గుడ్డ ఒకటుంది. ఇస్త్రీ బల్ల మీద కంబళికి పైన చుట్టిన దుప్పటి అది. ఇస్త్రీ ఆయన్ని బతిమాలి ఊడదీయించింది. గోధుమరంగు ఇస్త్రీపెట్టె మచ్చలు, అక్కడక్కడ కాలిన వాసన.

"ఇది అత్తయ్యది కాదనుకుంటా మామయ్యా. కుట్టు మరీ వంకరగా ఉంది. అందుకే ఎవరో బల్ల మీదికి వేసేశారు."

మామయ్య ఆ చివర అందుకున్నాడు. ఆయనకి వెంటనే తెలిసింది.

ఆవిడ కుట్టిన ఆఖరి దుప్పటి అది. అప్పటికే సూదత్త కళ్ళకి మసక కమ్మింది, వేళ్ళు వణికేవి. ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు కూర్చుని కుట్టి, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, అలవాటైన నోరు కదా, "ఇదేంటే, కోడి నడిచి వెళ్ళినట్టుంది?" అన్నాడు. ఎప్పుడూ ఎదురు జోకు వేసే మనిషి ఆ రోజు నవ్వలేదు. "దాచెయ్యి," అంది. అంతే. మర్నాడు సూదుల డబ్బా తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టి, ఇక రానని చెప్పి వచ్చేసింది. మామయ్య ఆ చివరని పరుపు కిందికి ఎంత లోపలికి వీలైతే అంత లోపలికి దోపాడు. ఆ మాటని మాత్రం దోపడానికి చోటు దొరకలేదు.

బాగా కుట్టినవి కొన్ని వందలు. అవన్నీ ఏ షెడ్లో నూనె తుడుస్తున్నాయో. వాటిని తెచ్చి ముందు పెట్టినా ఆ చివరలో ఏ పోగు మీద ఆవిడ చెయ్యి పడిందో ఆయన కనుక్కోలేకపోయేవాడు. అంత బాగా కుట్టింది మరి. కనబడేట్టు మిగిలింది ఈ ఒక్క వంకర కుట్టే.

"ఆవిడదేనే," అన్నాడు.

ఆ దుప్పటి ఆయనే పరిచాడు, తలకిందులుగా. కుట్టున్న వైపు దిండు మీదికి వచ్చింది. పనిలో ఉన్నప్పుడు ఎవరైనా అలా పరిస్తే మూడు రోజులు ఎగతాళి చేసేవాడు. సూపర్‌వైజరమ్మాయి చూసి కూడా సరిచేయకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. కిటికీలోంచి ఎండ, సముద్రం హోరు కలిసి వస్తున్నాయి. ఆయన చెంప కుట్టు మీద పెట్టి పడుకున్నాడు. దారం గరుగ్గా తగిలింది.

"బాగుందే," అన్నాడు. "చాలా బాగా కుట్టావు." ఆ మాట రెండేళ్ళకి పైనే ఆలస్యంగా వచ్చి, దిండులోకే పోయింది.

తెల్లారి లేవగానే రెండు చేతులూ దుప్పటి అంచు మీదికి వెళ్ళాయి. వాటిని వెనక్కి తీసుకుని చంకల్లో పెట్టుకున్నాడు. దిండు మీద గుంట, నడిమధ్య ముడతలు, అన్నీ అలాగే ఉంచి, చెప్పులు వెతుక్కుని, పెట్టె పట్టుకుని బయటికొచ్చాడు. వరండాలో సూపర్‌వైజరమ్మాయి ఎదురైంది.

"ఇంకో రాత్రి ఉందిగా మామయ్యా! అయ్యో, పక్క కూడా సర్దలేదా?"

"అతిథులు సర్దరే అమ్మడూ. రెండోది మీ అత్తయ్య వంతు. ఉండనీ."

"పోనీ, దుప్పటి తీసుకెళ్ళు. ఇస్త్రీ ఆయనకి నేను చెప్పుకుంటాను."

"వద్దు. ఇంటికి తీసుకెళితే ఈ చేతులు ఊరుకోవు. మడత పెట్టేస్తాయి."

గదుల తలుపులకి తగిలించే అట్ట ఒకటుంది: లోపల విశ్రాంతి తీసుకుంటున్నారు, దయచేసి కదిలించకండి. ముప్పై నాలుగేళ్ళూ ఆ అట్ట కనిపించినప్పుడల్లా పని ఆగిపోతోందని మామయ్య తిట్టుకునేవాడు. ఇప్పుడు లోపలి నుంచి దాన్ని తీసి, తొమ్మిదో నంబరు తలుపు పిడికి తగిలించాడు. అక్షరాలున్న వైపు బయటికి తిప్పి, రెండుసార్లు సరిచూసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.