కొబ్బరితోటలో గుడారం వేసిన అల్లుడు

అత్తవారి ఊళ్ళో పరువు పోగొట్టుకోవడానికి నానా తంటాలూ పడక్కర్లేదండీ, ఒక గుడారం చాలు. ఎలాగో చెబుతాను. నవ్వేవాళ్ళు కాస్త నెమ్మదిగా నవ్వండి, నాకింకా మండుతూనే ఉంది!

పెళ్ళైన కొత్త. హైదరాబాదులో మా ఆఫీసువాళ్ళు సెలవులకి కొండలెక్కి, అడవుల్లో పడుకుని ఫోటోలు పెట్టేవారు. "నువ్వెప్పుడైనా ఏసీ లేకుండా పడుకున్నావా?" అని నన్ను ఎగతాళి కూడానూ. రోషం పొడుచుకొచ్చింది. ఒక్క రాత్రి ఎవరి సాయమూ లేకుండా ఆరుబయట గడుపుతానని పందెం కాశాను. మా ఆవిడ సునీతకి చెబితే "మీ ఇష్టం" అంది. ఆ మాట విన్నాక కూడా ఆగలేదంటే నా తెలివి చూడండి.

పి.గన్నవరం దగ్గర మా అత్తవారి ఊరు. సాయంత్రం మావగారి తోటలో గుడారం వేసి, నూడుల్స్‌కి నీళ్ళు పెట్టానో లేదో, పక్కింటి సూర్రావుగారు దిగబడ్డారు.

"ఇక్కడేంటండి అల్లుడుగారూ?"

"సాహసయాత్రండి."

"ఇంట్లో మంచం ఉండగానాండి?"

"మంచం మీద సాహసమేంటండీ!"

"ఆయ్," అని బుద్ధిగా తలూపి, వెళ్ళి ఊరంతా చాటేశారు: అల్లుడుగారు అలిగి తోటలో వండుకుంటున్నారని!

నేను అమలాపురంలో పుట్టినవాణ్ణి. కొత్తల్లుడు బయట పొయ్యి పెడితే దాన్ని అలకంటారని నాకు తట్టొద్దూ? అల్లుడి నోట్లో శని అంటారు, నాకది గుడారంలో ఉంది.

కాసేపటికి సగం ఊరు తోటలోనే. మావగారి కళ్ళలో నీళ్ళు.

"మావల్ల ఏం తప్పు జరిగిందండి? కూరలో ఉప్పు తగ్గిందాండి?"

"అలక కాదండి మావయ్యగారూ!"

"అలిగినోళ్ళందరూ అలాగే అంటారండి," అన్నారు సూర్రావుగారు.

ఒళ్ళు మండి, "నన్నొదిలెయ్యండి బాబూ!" అని అరిచాను. అంతే! మావగారు గుడారం ముందు చాప పరిచి కూర్చున్నారు. "మీరు భోజనానికి లేచేదాకా నేనూ ముద్ద ముట్టనండి."

ఆయన షుగరు మనిషి. వేళకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. సునీత గుడారంలోకి తలపెట్టి పళ్ళు కొరికింది. "ఏదో ఒకటి అడిగెయ్యండి! అడిగితేగానీ అలక తీరినట్టు కాదు. నాన్న పడిపోయేలా ఉన్నారు."

"కాఫీ ఇప్పించండి!" అన్నాను, ఇంకేమీ తోచక.



"కాఫీకాండి, ఇంత పని చేసేరు!" అన్నారు సూర్రావుగారు.

పందెం పోయింది. మావగారు మాత్రం తృప్తిగా భోంచేశారు. ఆనాటి నుంచీ ఆ గుమ్మంలో చెప్పులు విప్పకముందే నాకో కాఫీ, లోపల కూర్చోగానే ఇంకోటి. ఊళ్ళో నా పేరు కాఫీకి అలిగిన అల్లుడు!

కొండలెక్కే మహానుభావులారా, పెట్టేవాళ్ళు లేనిచోట పస్తుండటం ఓ సాహసమా? కోనసీమకొచ్చి ఒక్క పూట వద్దనండి చూద్దాం! నేనైతే ఈ వేడివేడి గ్లాసు మీద ఒట్టేసి చెబుతున్నాను, అత్తవారింట్లో మూడో కాఫీ వద్దనే దుస్సాహసం ఈ జన్మలో చెయ్యను.