మన ఖర్చు కాని పొగ

ఆ సెప్టెంబరులో, మేముంటున్న చిన్న ద్వీపదేశంలో, సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్ కిటికీలు తెరిచే వీల్లేకపోయింది. సముద్రానికి అవతల అడవులు తగలబడుతుంటే, ఆ పొగంతా గాలివాటున వచ్చి మా ఊరిమీద కూర్చుంది. రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఉబ్బసం తిరగబెట్టింది. పొద్దున్నే క్లినిక్‌కి తీసుకెళ్తే ముక్కుకి మాస్కు తగిలించి మందు ఆవిరి పట్టించారు.

“అమ్మా, స్కూల్‌కి వెళ్తాను లా. టుడే స్పోర్ట్స్ డే” అంది మాస్కులోంచి, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర ‘లా’ చేర్చి.

స్పోర్ట్స్ డే రద్దయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మావారు సెలవు పెట్టి దాన్ని ఇంటికి తీసుకెళ్లారు. నేను తంజోంగ్ పగార్‌లోని మా ఆఫీసుకి వెళ్లాను.

నేను బ్యాంకులో పెద్ద కంపెనీల అప్పులు చూసే విభాగంలో పనిచేస్తాను. ఆ రోజు మీటింగు ఒక పామాయిల్ తోటల కంపెనీకి కొత్త అప్పు ఇవ్వడం గురించి. వాళ్ల తోటలు మంటలున్న వైపే ఉన్నాయి. కంపెనీ తరపున వచ్చిన పెద్దమనిషి ఆ మంటలు పక్క పొలాలవాళ్లు పెట్టారన్నాడు. తమ లాభాలు చూపించాడు. తర్వాత కిటికీ వైపు చూసి, “చిన్న దేశం కదా, కాస్త పొగకే కంగారు పడతారు” అని నవ్వాడు. మావాళ్లూ నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. “నేల చౌకగా చదును చేసుకునేది మీవైపు. ఆస్పత్రి బిల్లులు మావి, గిరాకీ లేని హాకర్ తిండి స్టాళ్లు మావి, పని పోగొట్టుకున్న కూలీలు మావాళ్లు. అదంతా మీ లెక్కలో ఎక్కడుంది?” అని అడిగాను.

మా మేనేజరు మాట మార్చేశారు. ఆయనది నెల్లూరు. మీటింగు అయ్యాక నన్ను పక్కకు పిలిచారు.

“ఏందమ్మా, క్లయింటు ముందర అట్టా అడిగితే ఎట్టా? పొగ మన ఖర్చు కాదు గదా.”

“పొద్దున క్లినిక్‌లో కట్టింది నేనే సార్.”

“నాకు తెలవదా? మా అమ్మ వారం నించి దగ్గతానే ఉండాది. మనం ఇయ్యకపోతే ఇంకో బ్యాంకు ఇస్తాది, అంతే.”

కన్నతల్లి దగ్గు వింటూ కూడా ఆ మాట అనగలిగారు. కంపెనీవాడి నవ్వుకన్నా అదే నన్ను ఎక్కువ మండించింది. ఆ పని నేను చేయనని చెప్పేశాను. ఆయన ఇంకొకరికి అప్పగించారు. అప్పు మంజూరైంది. నిప్పు పెట్టబోమని కంపెనీ రాసిచ్చిందట, వెళ్లి చూసేదెవరు?

వానలు పడి పొగ పోయింది. ఆఫీసులో మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఏడాది చివర బ్యాంకుకి లాభాలు బాగా వచ్చాయని అందరికీ కేకు పంచారు. నాకిచ్చిన ముక్కను ముట్టకుండా బల్లమీదే వదిలేసి ఇంటికి వచ్చేశాను.