ఎర్ర కారుకు ఒడిబియ్యం

భానుప్రకాశ్ తన కారును అమ్మకానికి పెట్టాడని తెలిసి పద్మారావు నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ అంతా సంతోషించింది. పొద్దున్నే ఆయన ఇంజన్ స్టార్ట్ చేస్తే పై అంతస్తులో మా కిటికీ అద్దాలు కూడా నిద్రలేచేవి. ఎర్ర సెడాన్, టర్బో పెట్రోల్ ఇంజన్, చేత్తో మార్చుకునే గేర్లు. గంటకు రెండు వందలు దాటి పోగలదట. చిలకలగూడ సందుల్లో ఆటోల వెనక నత్తనడక నడుస్తూ ఆయన ఈ సంగతి పక్క సీటులో ఉన్నవాళ్ళకు చెబుతుండేవాడు. ఇంకెవరి కారైనా కారు. అది మాత్రం ఆయన బిడ్డ. అలాగే పిలిచేవాడు.

అమ్మకానికి కారణం ఎడమ మోకాలు. ఆ బరువు క్లచ్ ఇంకా తొక్కితే మెట్లెక్కే యోగం కూడా ఉండదని డాక్టరు తేల్చి చెప్పాడు. రోజూ ఆ మోకాలికి నూనె రాసేది భార్య స్వర్ణలత కాబట్టి, కారు పోవాల్సిందేనని ఆవిడ పట్టుబట్టింది. పోతే మంచి చేతుల్లోకే పోవాలని ఈయన పట్టు. మంచి చేతులు ఈ భూమ్మీద రెండే ఉన్నాయని, ఆ రెండూ తనవేనని ఆయన నమ్మకం.

క్లచ్ లేని ఆటోమేటిక్ కొనుక్కోరాదా అని నేను ఒకసారి నోరు జారాను.

"అది కారెట్లయితది? లిఫ్టు. బటన్ నొక్కి కూసునుడే," అని వారం రోజులు నాతో మాట్లాడటం మానేశాడు.

ఇక పెళ్ళిచూపులు మొదలయ్యాయి. కాప్రా నుంచి పృథ్వీ అనే కుర్రవాడు వచ్చి, సీటులో కూర్చోకముందే "మైలేజ్ ఎంతిస్తది అంకుల్?" అని అడిగాడు.

"మైలేజ్ గావాల్నంటే మెట్రో ఎక్కు బేటా," అని భానుప్రకాశ్ అతన్ని గేటు దాకా సాగనంపాడు.

ఇంకొకాయన సీట్లకు బొచ్చు కవర్లు తొడిగిస్తానన్నాడు. ఆయనకు టీ కూడా దక్కలేదు. మరొకాయన అంతా బాగానే నడిపాడు గానీ, ఎడమ చెయ్యి గేరు రాడ్డు మీద నుంచి తీయలేదు. "గదేమన్న చేతికర్రనా, ఊకె పట్టుకున్నవ్?" అని ఆయన్ను సగం దారిలోనే దింపేశాడు. నెలలు గడిచాయి, మోకాలు వాచింది. స్వర్ణలత సతాయించడం మానేసింది. ఆ ఇంట్లో అది మంచి సూచన కాదు.

అప్పుడు ఝాన్సీలక్ష్మి వచ్చింది. రాజమండ్రి వైపు కుటుంబం, బొల్లారంలో పళ్ళ డాక్టరు. సాక్ష్యానికి కాబోలు, నన్ను కూడా వెనక సీటులో కూర్చోబెట్టారు. రైలు వంతెన ఎక్కుతుండగా ట్రాఫిక్ ఆగింది. భానుప్రకాశ్ కళ్ళు మెరిశాయి. కారు వెనక్కి జారనిచ్చినవాళ్ళందరినీ ఆయన అక్కడే ఫెయిల్ చేసేవాడు. ఆ అమ్మాయి వెంట్రుకవాసి కూడా జారనివ్వకుండా ముందుకు లాగింది. ఖాళీ రోడ్డు మీద గేర్లు మారుస్తుంటే ఎక్కడా కుదుపు లేదు.

"క్లచ్ కాస్త బరువుగా ఉందండీ అంకుల్. అయినా ఎంత హాయిగా ఉందో," అంది.

వంక పెట్టడానికి ఏమీ దొరకక ఆయన ముఖం వాడిపోయింది. ధర దగ్గర కూడా ఆ అమ్మాయి పేచీ పెట్టలేదు, పాపిష్ఠిది. ఇంటి ముందు దిగాక, "ఇది ఆడోళ్ళ బండి గాదమ్మా. ఇంకో నెల జూస్త," అని తాళం జేబులో వేసుకున్నాడు.

స్వర్ణలత లోపలికి వెళ్ళి ఒక పళ్ళెంతో వచ్చింది. పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి కుడుకలు, పోకలు, రవికె గుడ్డ. డ్రైవరు సీటు మీద గుడ్డ పరిచి, అత్తారింటికి వెళ్ళే ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు పోసినట్టే, దోసిళ్ళతో బియ్యం పోసింది.

"ఏందే గిది? కారుకు ఒడిబియ్యమా?"

"బిడ్డ, బిడ్డ అంటివి గదా. ఒడిబియ్యం పోసినంక బిడ్డను ఎవలన్న ఆపుకుంటరా? ఆపు, జూస్త."

మంగళవారం గోళ్ళు కూడా తీయని మనిషి ఆయన. ఇక ఏమాపుతాడు? తాళం తీసి ఇచ్చాడు. ఝాన్సీలక్ష్మి ఆ బియ్యాన్ని భద్రంగా మూటకట్టి పక్క సీటులో పెట్టుకుంది, ఇద్దరికీ దండం పెట్టి బయలుదేరింది.

కారు మలుపు తిరగగానే భానుప్రకాశ్ మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. ముక్కు చీదుతూ, చిన్నపిల్లవాడిలా. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు కూడా. స్వర్ణలత మాత్రం నవ్వలేదు.

"మన శ్రీలేఖ పెండ్లయి అత్తగారింటికి పోయిననాడు నీ కండ్లల్ల ఒక్క చుక్క రాలే," అంది. "గీయనకు కడుపుల పుట్టిన బిడ్డకంటె కారే ఎక్కువని చుట్టాలందరు అనుకున్నరు. నేను సుత అనుకున్న."

ఆయన చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

"ఆనాడు బండి నడిపింది నేనే గదనే, వరంగల్ దాకా. ఎనక సీట్ల పోరి ఏడుస్తనే ఉండె. నేను సుత ఏడిస్తె రోడ్డు గనవడ్తదా?"